డాక్టర్ సలహా: 23 ఏళ్లు దాటాక యుద్ధ విమాన పైలట్ కావాలంటే లేజర్ చేయించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాజీపేట. వయసు 23 ఏళ్ల 5 నెలలు. ఇంజనీరింగ్ అయ్యాక ఇంటి పరిస్థితుల వల్ల ఉద్యోగంలో చేరిపోయాను. వాయుసేనలో యుద్ధ విమాన పైలట్ కావాలన్న కోరిక మాత్రం పోలేదు. రెండు కళ్లకూ మైనస్ 1.25 అద్దాలున్నాయి. లేజర్ చేయించుకుంటే అర్హత వస్తుందని, వచ్చే వారమే చేస్తామని ఒక ఆసుపత్రిలో అన్నారు. చేయించుకోమంటారా?

జవాబు: వచ్చే వారం మాత్రం వద్దు.

ముందు తేదీలు లెక్క వేసుకోండి. వాయుసేన అధికారుల ఎంపికకు పెట్టే ఏఎఫ్‌క్యాట్ రాత పరీక్ష ద్వారా ఫ్లయింగ్ బ్రాంచిలో, అంటే పైలట్ల శాఖలో, చేరేవారికి శిక్షణ మొదలయ్యే నాటికి 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు ఉండాలి. రాత పరీక్షకూ శిక్షణకూ మధ్య దాదాపు ఏడాది పడుతుంది. అంటే ఇప్పుడు దరఖాస్తు చేసినా అప్పటికి మీకు 24 దాటిపోతాయి. పైగా లేజర్ తర్వాత కనీసం 12 నెలలు గడిచాకే వైద్య పరీక్షలో ఆ కళ్లను పరిగణనలోకి తీసుకుంటారు. ఈ సంగతి ఆ ఆసుపత్రి వారు మీకు చెప్పి ఉండాల్సింది.

మరి దారే లేదా అంటే, ఒకటుంది. పౌర విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉన్నవారికి ఇదే శాఖలో గరిష్ఠ వయసు 26 ఏళ్లు. లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. లక్షల్లో ఖర్చు, మీ చేతిలో ఉన్న సమయమూ తక్కువే. అయితే ఆ లైసెన్సు కోసం చేసే వైద్య పరీక్షకు అద్దాలు అడ్డు కావు. కాబట్టి డబ్బు, సెలవు కుదురుతాయో లేదో ముందు తేల్చుకోండి. లేజర్ మాట ఆ తర్వాత.

వయసు మించిందంటే ఒంట్లో సత్తువ తగ్గిందని అనుకోకండి. విమానం వేగంగా మలుపు తిరిగినప్పుడు రక్తం కాళ్లలోకి దిగి, మెదడుకు అందక, ముందు చూపు మసకబారుతుంది. కాళ్లు, పొట్ట కండరాలు బిగించి పైలట్లు దాన్ని తట్టుకుంటారు. 24 నిండగానే పోయే శక్తి కాదది. ఆ వయసు గీత ఉద్యోగ నిబంధన, వైద్యులు గీసింది కాదు.

ఇక కళ్లు. అన్నిటికన్నా ముందు రంగుల పరీక్ష చేయించుకోండి. చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే చిన్న పుస్తకం, పది నిమిషాల పని. మీ అమ్మగారి తండ్రికో, మేనమామకో రంగులు సరిగా తెలియని ఇబ్బంది ఉంటే మరీ ముఖ్యం, ఎందుకంటే అది తల్లి వైపు నుంచే మగపిల్లలకు వస్తుంది. అందులో తప్పితే లేజర్ ఏమీ చేయలేదు. పైలట్ ఆశా అక్కడితో ఆగిపోతుంది.

రెండోది, మీ మైనస్ 1.25 నిజంగా అంతేనా అన్నది. రోజంతా కంప్యూటర్ చూసే కుర్రవాళ్లలో కంటి లోపలి కండరం బిగుసుకుపోయి పవర్ ఎక్కువగా చూపిస్తుంది. కంట్లో చుక్కల మందు వేసి ఆ కండరాన్ని వదులు చేశాక చూస్తేనే అసలు లెక్క బయటపడుతుంది. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం, దాని వంపుల పటం కూడా తీయించండి. కార్నియా పలచగా ఉన్నవారికి లేజర్ నేనైతే చేయను. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే కొన్ని వారాల ముందే మానేయాలి.

లేజర్ చేయించుకుని దాచిపెట్టవచ్చని చెప్పేవారుంటారు. కార్నియా పటంలో అది కనిపించిపోతుంది.

విమానం నడపడం కన్నా వాయుసేనలో చేరడమే మీ కోరిక అయితే, నేల మీద పనిచేసే గ్రౌండ్ డ్యూటీ శాఖలకు 26 ఏళ్ల వరకు అవకాశం ఉంది. పరిమితికి లోబడి అద్దాలూ ఒప్పుకుంటారు. మీ ఇంజనీరింగ్ అక్కడ పనికొస్తుంది. 25 ఏళ్ల లోపు వారు అవివాహితులై ఉండాలన్న నియమమూ ఉంది. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఆ మాట ఇప్పుడే చెప్పేయండి.

కంటి పరీక్షకు వెళ్లే రోజు బండి తీసుకెళ్లకండి. చుక్కల మందు వేశాక చాలాసేపు ఎండ గుచ్చుకుంటుంది, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, పాత అద్దాల చీటీలన్నీ వెంట పెట్టుకోండి.