ఆఫీసులో ఆటపట్టిస్తున్నారు.. ఇంట్లోనూ గుండెదడ!

ప్రశ్న: నా వయసు 34. చిన్న శబ్దానికే ఉలిక్కిపడతానని తెలిసి, ఆఫీసులో ఇద్దరు ముగ్గురు వెనక నుంచి వచ్చి అరుస్తారు, డ్రాయరులో రబ్బరు పాము పెడతారు, కూర్చోబోతుంటే కుర్చీ లాగేస్తారు. అందరితో పాటు నేనూ నవ్వేస్తాను. కొన్ని నెలలుగా ఇంట్లో తలుపు చప్పుడైనా గుండె దడదడలాడుతోంది. ఆఫీసుకు వెళ్లాలంటే ముందు రాత్రి నిద్ర పట్టడం లేదు. ఇది గుండెజబ్బా, లేక నేనే అతిగా భయపడుతున్నానా?

జవాబు: మీరు అతిగా భయపడటం లేదు. మీ లక్షణాలను బట్టి చూస్తే గుండెజబ్బు కన్నా, పదే పదే బెదరడం వల్ల నాడీ వ్యవస్థ ఎప్పుడూ అప్రమత్తంగా ఉండిపోవడమే కారణమని అనిపిస్తోంది. ఉలికిపాటు మన అదుపులో ఉండేది కాదు. పెద్ద శబ్దం వినపడితే, అదేమిటో తెలుసుకునేలోపే, సెకనులో పదో వంతు కూడా గడవకముందే రెప్పలు మూతపడతాయి, మెడ కండరాలు బిగుసుకుంటాయి. ఆ వెంటనే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. మామూలుగా ఇదంతా కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. ఒకే శబ్దం ఒకే తీరున వినిపిస్తుంటే మెదడు దానికి అలవాటు పడుతుంది కూడా. మీ విషయంలో ఆ అలవాటు ఏర్పడకపోవడానికి కారణం, ఎవరు ఎప్పుడు ఏ వైపు నుంచి వస్తారో తెలియకపోవడమే. వేళ్లు కీబోర్డు మీద ఉన్నా చెవులు మాత్రం వెనక అడుగుల చప్పుడు కోసమే కాచుకుని ఉంటాయి. ఇంటికి వచ్చాక కూడా ఆ కాపలా ఆగదు, అందుకే నిద్ర పట్టదు.

ఇక మీ నవ్వు గురించి. మనస్తత్వ శాస్త్రవేత్త రాడ్ మార్టిన్, ఆయన సహచరులు 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విభజించారు. నలుగురినీ కలిపేది, కష్టంలో మనల్ని నిలబెట్టేది, ఎదుటివారిని కించపరిచేది, పదిమంది మెప్పు కోసం మనల్ని మనమే తక్కువ చేసుకునేది. మొదటి రెండూ మనసుకు మేలు చేస్తాయి, వాటిని ఏ ఆఫీసూ వదులుకోకూడదు. ఇష్టం లేకపోయినా నవ్వేయడం నాలుగో రకానికి దగ్గరగా ఉంటుంది. దీనికి ఆందోళనతో సంబంధం ఉన్నట్లు పరిశోధనలు చెబుతున్నాయి. పైగా మీ నవ్వును వాళ్లు మీ సమ్మతిగానే తీసుకుంటున్నారు.

కుర్చీ లాగడాన్ని మాత్రం నేను సరదాగా ఒప్పుకోలేను. అలా పడితే తోక ఎముక విరిగి నెలల తరబడి కూర్చోలేకపోవచ్చు, వెన్నుకో తలకో తీవ్రమైన గాయం కావచ్చు. పని చేసేచోట తమాషాకని కంప్రెసర్ గాలిని మలద్వారంలోకి కొట్టడంతో పేగులు చిట్లి ప్రాణాలు పోయిన ఘటనలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఒకసారి ఫిజీషియన్‌ను కలిసి ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. ఉలిక్కిపడినప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పినా, మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించినా ఆ విషయం తప్పక చెప్పండి. లాంగ్ క్యూటీ అనే జన్యుపరమైన సమస్యలోని ఒక రకంలో, అకస్మాత్తుగా వినిపించే శబ్దమే గుండె లయను ప్రమాదకరంగా దెబ్బతీస్తుంది. ఇది అరుదైనదే అయినా ఈసీజీ తీయకుండా కొట్టిపారేయలేం. కాఫీ, టీలు తగ్గించండి. దడ తగ్గడానికి ఎవరో చెప్పిన ప్రొప్రనలాల్ మాత్రలను సొంతంగా వాడకండి, ఆస్తమా ఉన్నవారికి అవి ప్రమాదకరం.

ఆ సహోద్యోగులతో గొడవ జరిగిన క్షణంలో కాకుండా, విడివిడిగా, నవ్వకుండా మాట్లాడండి. ‘వెనక నుంచి అరవడం, కుర్చీ లాగడం ఆపేయండి. నాకు గుండెదడ వస్తోంది, డాక్టరుకు చూపించుకుంటున్నాను’ అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. అయినా ఆపకపోతే తేదీలతో సహా రాసి మేనేజరుకు, హెచ్‌ఆర్ విభాగానికి ఇవ్వండి. వీలైతే వీపు గోడవైపు ఉండేలా సీటు మార్చుకోండి. దడ మొదలైనప్పుడు నాలుగు సెకన్లు గాలి పీల్చి, ఆరు సెకన్లు నెమ్మదిగా వదులుతూ అయిదు నిమిషాలు చేయండి. ఈ ఆటపట్టింపులు ఆగి ఆరు వారాలైనా ఉలికిపాటు, నిద్రలేమి తగ్గకపోతే సైకియాట్రిస్టును గానీ, క్లినికల్ సైకాలజిస్టును గానీ సంప్రదించండి. గతంలో ఏదైనా ప్రమాదం లేదా హింస ఎదురై ఉంటే ఆరు వారాలు ఆగకుండా వెంటనే వెళ్లి, ఆ సంగతి వారికి ముందే చెప్పండి. అప్పుడు చికిత్స తీరు మారుతుంది.