డేటా సెంటర్‌కు నీళ్లెందుకు?

ప్రశ్న: మాది విశాఖ జిల్లా ఆనందపురం మండలం. మా దగ్గర తర్లువాడలో గూగుల్ డేటా సెంటర్ వస్తుందంటున్నారు. అది నీళ్లు విపరీతంగా వాడుతుందని కొందరు, అదంతా అపోహేనని కొందరు చెబుతున్నారు. అసలు కంప్యూటర్లకు నీళ్లతో పనేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: కంప్యూటర్లు వాడుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. వేల సర్వర్లు రాత్రింబవళ్లు నడిచే భవనంలో ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే యంత్రాలు ఆగిపోతాయి. ఇందుకు చవకైన మార్గం నీటిని ఆవిరి చేయడం. వేసవిలో మన మట్టికుండ చేసే పని కూడా ఇదే. అయితే గాలిలో తేమ నిండిన ఉక్కపోత రోజున కుండనీరు అంతగా చల్లబడదని తీరప్రాంతంలో ఉన్న మీకు వేరే చెప్పనక్కరలేదు. డేటా సెంటర్లలో నీటిని ఆవిరి చేసి చల్లబరిచే కూలింగ్ టవర్లకూ ఆ ఇబ్బంది తప్పదు. నీటిని బయటికి పోనివ్వకుండా గొట్టాల్లోనే తిప్పుతూ, ఆ వేడిని ఫ్యాన్లతో గాలిలోకి వదిలే పద్ధతి కూడా ఉంది. దానిలో నీటి ఖర్చు బాగా తగ్గుతుంది గాని, మన వాతావరణంలో కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే, ఆ విద్యుత్ కేంద్రంలో నీరు ఆవిరవుతుంది. అందువల్ల నీటి లెక్కను, కరెంటు లెక్కను విడివిడిగా చూడకూడదు.

2025 అక్టోబరులో ప్రకటించిన విశాఖ ప్రాజెక్టు గిగావాట్ స్థాయిది, అంటే దాని కరెంటు అవసరం సుమారు 1000 మెగావాట్లు. మీకు దగ్గరి ఉదాహరణ చెప్పాలంటే, పరవాడలోని సింహాద్రి విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు. డేటా సెంటర్లు పెరిగితే కరెంటు వాడకం ఎలా మారుతుందో ఐర్లాండ్‌ను చూస్తే తెలుస్తుంది: అక్కడ 2015లో దేశ విద్యుత్ వినియోగంలో 5 శాతంగా ఉన్న డేటా సెంటర్ల వాటా 2023 నాటికి 21 శాతానికి చేరింది.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ద డాల్స్ అనే చిన్న పట్టణం కథ మీకు మరింత పనికొస్తుంది. అక్కడి గూగుల్ కేంద్రం ఎంత నీరు వాడుతోందో చెప్పమని ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమంటూ పట్టణ పాలకవర్గమే కోర్టుకెక్కింది. 2022 చివరలో రాజీ కుదిరాక బయటపడిన లెక్క ప్రకారం, 2021లో ఆ కేంద్రం వాడిన నీరు సుమారు 134 కోట్ల లీటర్లు. పట్టణ మొత్తం వినియోగంలో నాలుగో వంతుకు మించి. నీటి వాడకం కన్నా, తమ నీటి లెక్క తమకే దక్కకపోవడం అక్కడి జనానికి ఎక్కువ అన్యాయమని నాకనిపిస్తుంది.

కనుక గ్రామసభలో గాని, ప్రజాభిప్రాయ సేకరణలో గాని అవకాశం దొరికితే, ఏ పద్ధతిలో చల్లబరుస్తారు, నీరు ఏ జలాశయం నుంచి తెస్తారు, శుద్ధి చేసిన మురుగునీరు వాడతారా అని అడగండి. ఏడాది సగటు చెప్పి ఊరుకుంటే ఒప్పుకోకుండా, మే నెలలో ఒక్క రోజుకు ఎన్ని లీటర్లో రాతపూర్వకంగా ఇమ్మనండి.