లేని సీతాకోకచిలుకను ఎలా రాయాలి?

అమ్మాయీ,

వాతావరణం వేడెక్కితే జీవులకి ఏమవుతుందో పరిశోధించే జీవశాస్త్రవేత్త కెమిల్ పార్మెసాన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీ వాక్యం బాగా నడుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మొదటి పేజీ అంతా కరిగే మంచు, మండే అడవి, ముంచుకొచ్చే ముప్పు. ఆ పేజీ కొట్టెయ్. దాని కింద ఏ వాతావరణ శాస్త్రవేత్త పేరు పెట్టినా సరిపోతుంది.

ఆమె పని అంత ఆర్భాటంగా మొదలుకాలేదు. 1990ల మొదట్లో ఆమె టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. ఎడిత్స్ చెకర్‌స్పాట్ అనే గళ్ళ రెక్కల సీతాకోకచిలుకను పూర్వం ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పట్టారో మ్యూజియంల నుంచి, సొంతంగా సేకరించేవాళ్ళ నుంచి వివరాలు పోగుచేసింది. తర్వాత మెక్సికో నుంచి కెనడా దాకా 151 చోట్లకి మళ్ళీ వెళ్ళి, అవి ఇంకా ఉన్నాయో లేవో చూసింది. సంవత్సరాలు పట్టిన ఈ పనిని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. సరిగ్గా అక్కడే ఆగాల్సింది.

ఆలోచించు. సీతాకోకచిలుక కనబడితే రాసుకుని పోవచ్చు. కనబడకపోతే? నిజంగానే లేదా, లేక అది ఎగిరే ఆ కొద్ది వారాలకి ముందో వెనకో వెళ్ళామా? ఆ పూట మబ్బు పట్టిందా? సరే, నిజంగా లేదనే తేలింది. అయితే వేడి వల్లే పోయిందని ఎలా అంటాం? ఇళ్ళు లేచి ఉండొచ్చు, పశువులు మేసి ఉండొచ్చు. అందుకే ఆవాసం పాడైపోయిన చోట్లను ఆమె లెక్కలోంచి తీసేసింది. మొక్కలు బాగున్నా, అంతా సవ్యంగా ఉన్నా, సీతాకోకచిలుక మాత్రం లేని చోట్లనే ‘పోయాయి’ అని లెక్కపెట్టింది. తన వాదనకి పనికొచ్చేలా కనబడే సాక్ష్యాన్ని తనే పక్కన పెట్టడం ఉంది చూశావూ, నాకు ఆమెలో నచ్చింది అదే. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

1996లో నేచర్ పత్రికలో, ఒక్క తన పేరు మీదే, ఆ ఫలితం వచ్చింది. కెనడా వైపుతో పోలిస్తే మెక్సికో వైపు గుంపులు నాలుగు రెట్లు ఎక్కువగా అంతరించాయి. ఎనిమిది వేల అడుగుల పైన ఉన్నవి చాలావరకు నిలిచాయి. ఈ అంకెల్ని నువ్వు రెండో పేరాలోనే చెప్పేశావు. వెతుకులాట అయ్యాక చెప్పు, అప్పుడు వాటి బరువు పాఠకుడికి తెలుస్తుంది.

ఇక, ‘సీతాకోకచిలుకలు ఉత్తరానికి పరుగులు తీస్తున్నాయి’ అని రాశావు. ఈ జాతి పుట్టిన చోటు వదిలి పెద్దగా పోదమ్మా. దక్షిణాన గుంపులు చచ్చిపోతుంటే పటం మీద దాని సగటు స్థానం ఉత్తరానికి జరిగింది, అంతే. ఎందుకు చచ్చిపోతాయో కూడా రాయాలి. గొంగళిపురుగు తినే చిన్న చిన్న మొక్కలు ఎండాకాలానికి వాడిపోతాయి. ఆలోగా కడుపునిండా తిని, కాస్త ఎదిగి, నిద్రావస్థలోకి వెళ్ళాలి. వేడి ముదిరి మొక్క నాలుగు రోజులు ముందే ఎండితే పురుగు ఆకలితో చస్తుంది. అదును తప్పిన పైరు లాంటిదే. పాలమూరులో చదివే కుర్రాడికి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

‘నిరూపించింది’ అన్న మాట కూడా తీసెయ్. ఒక్క జాతితో తేలేది కాదని ఆమెకీ తెలుసు. అందుకే 1999లో మరికొందరితో కలిసి యూరప్‌లో వలసపోని 35 సీతాకోకచిలుక జాతులను చూసింది, దాదాపు మూడింట రెండు వంతులు ఉత్తరానికి జరిగాయి. 2003లో గ్యారీ యోహీ అనే ఆర్థికవేత్తతో కలిసి 1,700కి పైగా జాతుల వివరాలు పరిశీలించింది. ధ్రువాల వైపు జరగడం సగటున పదేళ్ళకి 6.1 కిలోమీటర్లు, పూత పూయడం, గూడు కట్టడం లాంటి వసంతపు పనులు ముందుకు రావడం పదేళ్ళకి 2.3 రోజులు. ఒక జీవశాస్త్రవేత్త, ఒక ఆర్థికవేత్త ఏది సాక్ష్యమో తేల్చుకోవడానికి కూర్చోవడం మంచి కథ. దానికి ఇంకో పేరా ఇవ్వు.

నోబెల్ సంగతి జాగ్రత్త. 2007 శాంతి బహుమతి వాతావరణ మార్పు మీద నివేదికలు తయారుచేసే ఐపీసీసీ అనే సంస్థకి, అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్‌కి వచ్చింది. ఆమె ఆ నివేదికలకి పనిచేసిన వందలమందిలో ఒకరు. ‘నోబెల్ గ్రహీత’ అని రాస్తే తప్పు. తర్వాత ఆమె వెళ్ళింది ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి ఫ్రాన్స్‌లోని మూలిస్ పరిశోధనా కేంద్రానికి. వీటికి రెండు వాక్యాలు చాలు.

పొడవు ఎక్కువైందని ఎడిటర్ గొడవపెడితే టెన్షన్ పడకు. ఫ్రాన్స్ తీసెయ్, నోబెల్ కూడా తీసెయ్. ఆమె లెక్కలోంచి తీసేసిన చోట్ల పేరా మాత్రం ముట్టుకోనివ్వకు. మార్చి పంపించు, చూస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు