నావిగేషన్ పేపర్ దగ్గర ఆగిన అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసై, కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోసం డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలు రాస్తోంది. మెటియరాలజీ, రెగ్యులేషన్స్ మొదటిసారే గట్టెక్కింది. ఎయిర్ నావిగేషన్‌లో మాత్రం రెండుసార్లు 60 దాటి ఆగిపోయింది. వెయిట్ అండ్ బ్యాలెన్స్ లెక్కలూ తప్పుతున్నాయట. ఇంజినీరింగ్‌కు మార్చమంటారా? - ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ఈ ఒక్క కారణంతో మాత్రం మార్చవద్దండీ. ఉత్తీర్ణతకు 70 శాతం కావాలి. 60 దాటిన అమ్మాయికి విషయం రాదనలేము. ఇటువంటి పిల్లల్లో నేను తరచుగా చూసే చిక్కు గణితంలో కాదు, అలవాటులో ఉంటుంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలను 3 గంటల్లో ముగించడానికి రెండేళ్లు సాధన చేసిన విద్యార్థి, ప్రశ్నలో అంకెలు కనబడగానే సూత్రంలో వేసి, వచ్చిన జవాబు ఆప్షన్లలో ఉంటే గుర్తుపెట్టి ముందుకు సాగిపోతుంది. నావిగేషన్‌లో సగంలో ఆగిన లెక్కకు వచ్చే అంకె కూడా ఆ ఆప్షన్లలో ఉండవచ్చు.

ఒక లెక్క చూడండి. విమానం 40 నాటికల్ మైళ్లు వెళ్లేసరికి అనుకున్న దారికి ఎడమవైపు 4 మైళ్లు తొలగింది. గమ్యం ఇంకా 80 మైళ్లుంది. వన్ ఇన్ సిక్స్టీ సూత్రం (60 మైళ్లకు ఒక మైలు తొలగితే సుమారు ఒక డిగ్రీ తప్పినట్టు) ప్రకారం 4ను 40తో భాగించి 60తో గుణిస్తే 6 డిగ్రీలు వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కాని కుడివైపు 6 డిగ్రీలు తిరిగితే విమానం అసలు దారికి సమాంతరంగా పోతుందే తప్ప గమ్యం చేరదు. మిగిలిన 80 మైళ్లకు మరో 3 డిగ్రీలు కలిపి, మొత్తం 9 డిగ్రీలు తిరగాలి. బొమ్మ గీసిన విద్యార్థికి ఈ సంగతి కంటికే కనబడుతుంది.

వెయిట్ అండ్ బ్యాలెన్స్ మీ అమ్మాయి ఇంటర్ భౌతికశాస్త్రంలో చదివిన భ్రామకమే. ఒక్కో బరువును డేటమ్ (దూరాలు కొలవడానికి విమానంలో నిర్ణయించిన మూలస్థానం) నుంచి ఉన్న దూరంతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి తెలుస్తుంది. 2400 పౌండ్ల సెస్నా 172లో 60 పౌండ్ల సామానును 95 అంగుళాల దగ్గరున్న లగేజీ అర నుంచి 73 అంగుళాల దగ్గరున్న వెనుక సీటుకు మార్చితే, గరిమనాభి 0.55 అంగుళం ముందుకు జరుగుతుంది. ఇది చిన్న అంకె అనిపించవచ్చు. కాని గరిమనాభి వెనుక హద్దు దాటితే విమానం నిలకడ తగ్గుతుంది, స్టాల్ (రెక్కలు విమానాన్ని నిలిపే శక్తి కోల్పోయే స్థితి) నుంచి బయటపడడం కష్టమవుతుంది. 2003 జనవరిలో అమెరికాలోని షార్లెట్‌లో బీచ్‌క్రాఫ్ట్ 1900 విమానం టేకాఫ్ కాగానే కూలి 21 మంది మరణించారు. విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోకభాగమైన ఎలివేటర్ కేబుల్ సర్దుబాటులో జరిగిన తప్పుకు, హద్దు దాటి వెనక్కి జరిగిన గరిమనాభి తోడైంది. ప్రయాణికుల బరువును వాస్తవం కంటే తక్కువ సగటుతో లెక్కించడం ఆ దర్యాప్తులో బయటపడింది. 1983లో కెనడాలో బోయింగ్ 767 ఆకాశంలో ఇంధనం అయిపోయి గిమ్లీలో దిగవలసి వచ్చింది కిలోలకు, పౌండ్లకు మధ్య జరిగిన పొరపాటు వల్లనే. అందుచేత ప్రతి అంకె పక్కనా ప్రమాణం (యూనిట్) రాయమని గట్టిగా చెప్పండి.

ఇక మీరు చేయవలసినది: మూడోసారి ఫీజు కట్టే ముందు ఆరు వారాల సమయమివ్వండి. తప్పిన ప్రతి లెక్కనూ ఒక నోటుబుక్కులో రాసి, ఆ తప్పు బొమ్మ గీయకపోవడం వల్ల జరిగిందా, వేరియేషన్ (నిజ ఉత్తరానికి, దిక్సూచి చూపే ఉత్తరానికి మధ్య తేడా) తూర్పు పడమరలు తారుమారయ్యాయా, ప్రమాణాలు కలిసిపోయాయా, చార్టు సరిగా చదవలేదా అని పక్కనే నమోదు చేయించండి. రెండు వారాల్లోనే తప్పులు ఒకటి రెండు చోట్ల గుమికూడడం మీకు కనబడుతుంది. సాధన అంతా అక్కడే పెట్టాలి. నావిగేషన్ కంప్యూటర్ (చేత్తో తిప్పి లెక్కకట్టే గుండ్రటి పరికరం) మీద గాలి లెక్కలు రోజూ అరగంట చేయాలి. ఆ వేగం చేతికి రావాలే గాని చదివితే వచ్చేది కాదు. వరుసగా మూడు మాక్ పరీక్షల్లో 80 దాటిన తరువాతే అసలు పరీక్షకు పంపండి. క్లాస్ 1 మెడికల్ (పైలట్లకు తప్పనిసరైన వైద్య పరీక్ష) ఇంకా పూర్తికాకపోతే, 200 గంటల ఫ్లయింగ్‌కు పెద్ద మొత్తం కట్టే ముందే దానిని ముగించండి.