పగుళ్లు వచ్చిన బ్రేకు డ్రమ్మును లేత్‌కు పంపవచ్చా?

ప్రశ్న: మాది 2007 మోడల్ ఎయిర్ బ్రేకు లారీ. బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తుకుని నంద్యాల – గిద్దలూరు ఘాట్ మీదుగా తిరుగుతుంది. వెనక ఎడమ చక్రం విప్పితే దానితో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ము లోపల పగుళ్లు కనిపించాయి. లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చెక్కించి, ఆ ఒక్క పక్కకే లైనర్లు (డ్రమ్ముకు ఒరిసి బండిని ఆపే పట్టీలు) వేస్తే చాలునని మెకానిక్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక లారీ యజమాని, బేతంచెర్ల

జవాబు: లైనరు ఒరిసే చోట పైపైన కనిపించే సన్నని గీతలు వేడికి వచ్చేవే, ఘాట్లలో తిరిగే బండికి అవి కొత్త కాదు. అయితే పగులు డ్రమ్ము అంచు దాకా సాగినా, బయటి వైపుకు తేలినా ఇక ఆలోచించకుండా దానిని పాత ఇనుము కింద తీసేయండి. అనుమానముంటే డ్రమ్మును గొలుసుకు వేలాడదీసి సుత్తితో మెల్లగా తట్టి చూడండి. బాగున్నది ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది.

లేత్ గాడులను తీయగలదు గానీ, లోతుగా దిగిన పగులును మాన్పలేదు. పైగా చెక్కిన కొద్దీ డ్రమ్ము పలచబడి త్వరగా వేడెక్కుతుంది; వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు (లైనర్లు బిగించి ఉండే వంపు దిమ్మలకు) దూరంగా జరుగుతుంది కాబట్టి, గాలి ఒత్తిడితో బ్రేకు వేయించే బ్రేక్ చాంబరు రాడ్డు మరింత ముందుకు రావలసి వస్తుంది, అది చివరి దాకా వచ్చేశాక పెడల్ ఎంత తొక్కినా ఫలితం ఉండదు. లోడుతో ఘాట్ దిగేటప్పుడు బ్రేకు చేతులెత్తేయడానికి ఇదొక ముఖ్య కారణం. వాడదగిన గరిష్ఠ లోపలి వ్యాసం ఎంతో డ్రమ్ము మీదే పోత పోసి ఉంటుంది. దానిని దాటిన డ్రమ్ము పగలకపోయినా పనికిరాదు.

ఒక పక్కకే లైనర్లు వేయడం తప్పు. రెండు పక్కలా పట్టు సమానంగా లేకపోతే బండి ఒక వైపుకు లాగుతుంది. అందువల్ల ఆ యాక్సిల్‌కు రెండు డ్రమ్ములూ, ఒకే రకం లైనర్లూ, షూలను వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగులూ కలిపి మార్చండి. ఖర్చు పెరిగే మాట నిజమే, కానీ ఈ విషయంలో మెకానిక్‌తో నేను ఏకీభవించలేను.

అసలు ఎడమ డ్రమ్మే ఎందుకు పగిలిందన్నది ఇంకా ముఖ్యం. కుడి వైపు స్లాక్ అడ్జస్టరు (లైనరుకూ డ్రమ్ముకూ మధ్య ఎడాన్ని సరిచేసే మీట) వదులై ఆ చక్రం పని కూడా ఎడమదే చేస్తూ ఉండవచ్చు, లేదా ఎడమ వైపు షూలను తెరిచే క్యామ్ ఇరుసు బుష్‌లు బిగుసుకుపోయి షూలు పూర్తిగా వెనక్కి రాక ఎప్పుడూ ఒరుసుకుంటూ ఉండవచ్చు. చక్రం మధ్య భాగం (హబ్) నుంచి నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీలు కారి లైనరు తడిసి ఉంటే దానిని కడిగి వాడకండి, సీలుతో పాటు మార్చేయండి.

పని చేసేటప్పుడు బండిని జాకీ మీదే వదిలేయకుండా స్టాండ్లు పెట్టి, మిగతా చక్రాలకు అడ్డాలు వేయించండి. పార్కింగ్ బ్రేకు స్ప్రింగు ఉన్న చాంబరును ఎవరినీ విప్పనివ్వకండి. ఆ స్ప్రింగు ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది గనుక, ఆ పొడిని కంప్రెసరు గాలితో ఊదకుండా తడి గుడ్డతో తుడిపించండి. కొత్త లైనర్లు డ్రమ్ముకు పూర్తిగా ఆనే వరకు కొంత దూరం మైదానంలోనే తక్కువ లోడుతో నడిపి, స్లాక్ అడ్జస్టర్లు మరోసారి సరిచేయించాకే ఘాట్ ఎక్కించండి.