ఆయనకు చెప్పకుండా కథ పోటీకి పంపాను, మాట్లాడటం మానేశారు

ప్రశ్న: మాది విజయవాడ. ఐర్లాండ్‌లో, గాల్వేలో నర్సుగా చేస్తున్నాను. మావారు ఐరిష్, క్లేర్ కౌంటీలో పల్లెటూరి మనిషి. పదిహేనేళ్లుగా కథలు రాసి బిస్కెట్ల డబ్బాలో దాచుకుంటున్నారు. బాగున్నాయంటే విసుక్కుంటారు. ఆయనకు తెలియకుండా ఒకటి పోటీకి పంపితే తుది జాబితాలోకి వచ్చింది. సంతోషిస్తారనుకున్నాను. ‘నన్ను నవ్వులపాలు చేశావు’ అన్నారు. మూడు వారాలుగా ముభావం. ఇప్పుడు డబ్బా కూడా కనబడటం లేదు. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పేనమ్మా. ప్రేమతోనే చేశారు, అయినా తప్పే. ముందు ఆ మాట ఆయనతో అనండి, ‘కానీ ఎంపికైంది కదా’ అని తోక తగిలించకుండా. పోటీలో ఉండాలో, వెనక్కి తీసుకోవాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి.

ఆ కోపమంతా మీమీదే అనుకోకండి. ‘నోషన్స్’ అనే మాట మీ అత్తగారింట్లో వినే ఉంటారు. కొత్త కోటు తొడుక్కున్నా, నాలుగు వాక్యాలు రాసినా ‘అబ్బో, నోషన్స్!’ అంటారు. మన ‘నీకంత సీన్ లేదు’ లాంటిదే. సొంతవాళ్లే నవ్వుతూ అంటారు కాబట్టి ఎదురు చెప్పడానికీ ఉండదు. అది వింటూ పెరిగిన పిల్లాడికి తర్వాత ఎవరూ అనక్కర్లేదు, తనే అనుకుంటాడు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 1929లో సెన్సార్ చట్టం తెచ్చి ఆ దేశం తన రచయితల పుస్తకాలనే నిషేధించింది. 1965లో జాన్ మెక్‌గహర్న్ నవలను నిషేధించారు, ఆయన బడిపంతులు ఉద్యోగం కూడా పోయింది. ఎడ్నా ఓబ్రయన్ అయితే మీవారి క్లేర్ ఆడపడుచే. 1960లో వచ్చిన ఆమె తొలి నవలకూ నిషేధమే. తల్లి దగ్గరున్న ప్రతిలో అభ్యంతరమనిపించిన మాటల్ని ఆ తల్లే నల్ల సిరాతో కొట్టేసి, దిండు గలీబులో దాచింది. ఆవిడ పోయాక అది కూతురి కంటబడింది. నాకు ఆ గలీబూ మీ ఇంట్లో డబ్బా ఒకలాగే కనిపిస్తున్నాయి. రాస్తే ఇంటి పరువు పోతుందని మీ అత్తమామల తరం కళ్లారా చూసింది.

అందుకే మీరు పొగిడేకొద్దీ ఆయన ముడుచుకుంటున్నారు. మీమీద నమ్మకం లేక కాదు.

గాల్వేలో ఉన్నారు కాబట్టి కానమారా వైపు షాన్ నోస్ పాట వినే ఉంటారు. వాద్యాలుండవు. పాడేవాళ్లు కళ్లు మూసుకుంటారు, కొందరు గోడవైపు తిరిగిపోతారు. అప్పుడు పక్కన కూర్చున్న మనిషి వాళ్ల చెయ్యి పట్టుకుని, పాటతోపాటు మెల్లగా తిప్పుతూ ఉంటాడు. ముఖం ఇటు తిప్పమని అడగడు. ఎంత గొప్ప మర్యాద అది! మీరు చేయాల్సిందీ అదే.

డబ్బా ఎక్కడని వెతకొద్దు. కొన్నాళ్లు పోయాక ‘ఒక పేజీ నాకు చదివి వినిపిస్తారా?’ అని ఒక్కసారి అడగండి. చదివితే ‘అద్భుతం’ అనొద్దు. ‘ఆ ముసలాయన గేటు ఎందుకు వేయలేదు?’ అన్నట్టు కథలో మనుషుల గురించి అడగండి. తన గురించి కాక కథ గురించి మాట్లాడటం ఆయనకు తేలిక.

నిద్ర, తిండి తప్పినా, తాగుడు పెరిగినా మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. నర్సుగా ఆ గుర్తులు మీకే ముందు తెలుస్తాయి.

మొదటిరోజు సగం పేజీ చదివి ఆపేస్తే, ఆపనివ్వండి. లేచి ఇద్దరికీ టీ పెట్టండి.