కువైట్ వెళ్తున్న అబ్బాయికి, పొద్దుటి ఫూల్ గురించి

నాయనా,

వీసా వచ్చిందని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. బ్యాగులో ఏం పెట్టుకోవాలో మీ పెద్దమ్మ చెబుతుందిలే. నేను రాసేది పొద్దుటి తిండి గురించి, ఈజిప్టు వాళ్లు తినే ఫూల్ అనే గింజల వంటకం గురించి.

కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని రూల్ ఉంది. అందుకే ఎండాకాలం సైట్ల మీద పని పెందలాడే మొదలవుతుంది. అంత పొద్దున దోశలు పోసుకునే తీరిక ఎవరికుంటుంది? మనవాళ్లు చాలామంది పాలు లేని సులేమానీ టీ, రెండు బిస్కెట్లతో బస్సెక్కేస్తారు. కువైట్‌లో మొదటి ఏడాది నేనూ అంతే. జులైలో ఒకరోజు పరంజా మీద ఉండగా కళ్లు తిరిగాయి. పక్కనున్న ఈజిప్టు వడ్రంగి నడుం పట్టుకోకపోతే కింద పడేవాణ్ణి.

నీడకు తీసుకెళ్లి, తన డబ్బా మూత తీసి ‘తఫద్దల్’ అన్నాడు. రా, తిను అని. అదే ఫూల్. మట్టిరంగు గింజల్ని మెదిపిన ముద్ద, అంచుల్లో నూనె. నిజం చెప్తున్నా, ఆ రోజు నాకు సయించలేదు. కారం లేదు, ఉప్పు చాలదు, పైగా పచ్చిమట్టి వాసన లాంటిదేదో. ఆయన మనసు నొప్పించలేక నాలుగు ముద్దలు మింగాను. మధ్యాహ్నం దాకా మళ్లీ ఆకలి గుర్తు రాలేదు.

ఆ గింజల్ని ఫావా బీన్స్ అంటారు, మన చిక్కుడు గింజ కన్నా లావుగా ఉంటాయి. ఎండు గింజల్ని నానబెట్టి, సన్నమెడ కుండలో సన్నని సెగ మీద రాత్రంతా ఉడికిస్తారు. పొద్దున మెదిపి జీలకర్ర పొడి, వెల్లుల్లి, నిమ్మరసం, నూనె వేస్తారు. ఆ గింజ తప్ప అన్నీ మీ అమ్మ వంటింట్లో ఉన్నవే కదా.

మొదటిసారి టిన్నులో అమ్మే ఫూల్ కొనకు. ఈజిప్టు వాళ్ల హోటల్‌కి వెళ్లి, పొగలు కక్కుతుండగా తిను. చల్లారితే గట్టిపడుతుంది, మన నోటికి ఎక్కదు. ఇంకో నిమ్మచెక్క అడిగి పిండుకో. కుబ్బూసు, అంటే అరబ్బుల రొట్టె, చిన్న ముక్క తుంచి దొప్పలా మడువు. ఈజిప్టు వాళ్లు దాన్ని పిల్లి చెవి అంటారు. దాంతో తోడుకుని నోట్లో పెట్టుకుని, వెంటనే పచ్చి ఉల్లిపాయ కొరుకు, సంగటిలో కొరుక్కున్నట్టే. నాకు ఫూల్ రుచి పట్టింది ఆ ఉల్లిపాయతోనే.

మొదటి వారం మన ఊరుబిండి పచ్చడి మాత్రం కలపకు. కలిపితే ఊరుబిండే తెలుస్తుంది, ఫూల్ ఎప్పటికీ అలవాటు కాదు. తర్వాత నీ ఇష్టం. కొత్తలో సగం ప్లేటు చాలు, ఎక్కువైతే కడుపు ఉబ్బరిస్తుంది. నాలుగైదు సార్లు తిన్నాక కూడా సయించకపోతే కుబ్బూసు, గుడ్లు తిను. ఖాళీ కడుపుతో మాత్రం బస్సెక్కకు.

ఇంకొక్క మాట, ఇది జాగ్రత్తగా చదువు. జీ6పీడీ అనే ఎంజైమ్ ఒంట్లో తక్కువ ఉన్నవాళ్లకు ఈ గింజలు ప్రమాదం. తిన్న ఒకటి రెండు రోజుల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది, కళ్లు పచ్చబడతాయి, నీరసం వచ్చేస్తుంది. అలా అయితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మగపిల్లలకు ఈ లోపం తల్లి వైపు నుంచి వస్తుంది, ఎక్కువగా వాళ్లలోనే బయటపడుతుంది. ఉన్నవాళ్లు ఈజిప్టు వాళ్ల తామియా వడలు కూడా ముట్టుకోకూడదు, వాటినీ ఈ గింజలతోనే చేస్తారు.

నువ్వు పుట్టినప్పుడు కామెర్లు బాగా వచ్చాయా, మీ మేనమామల్లో ఎవరికైనా ఇలా అయిందా, ఈ రాత్రికే అమ్మనడుగు. ఏమీ లేదన్నా, ప్రయాణానికి ముందే జీ6పీడీ రక్తపరీక్ష చేయించుకో. రిపోర్టు చేతికి రాగానే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న